పెనంలో పట్టే చేపలకి ఏ కయాక్ కొనాలి? డల్లాస్ చుట్టుపక్కల కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకోండి. డల్లాస్ చుట్టుపక్కల ఉంటూ బ్లూగిల్, రెడ్‌ఇయర్, క్రాపీ లాంటి చిన్న చేపల కోసం మొదటి కయాక్ (ఒకరిద్దరు కూర్చునే సన్నటి చిన్న పడవ) కొనేవాళ్ళు 10 అడుగుల సిట్-ఆన్-టాప్, అంటే పైన కూర్చుని నడిపేది కొనండి. తెడ్డుతో నడిచేది, పెడల్ లేనిది. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటే గాలి నింపేది తీసుకోండి, అందులోనూ మందంగా ఉండే రకం. పెడల్ కయాక్ మొదటి ఏడాది వద్దు. సిట్-ఇన్‌సైడ్, అంటే పడవ లోపల కూర్చునేది, ఈ పనికి అసలు వద్దు. వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది లైఫ్ జాకెట్. దాని గురించి కాస్త గట్టిగానే రాస్తాను, ఎందుకంటే మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినా ఊళ్ళో కాలవలో నేర్చుకున్న ఈతే.

పాన్‌ఫిష్ అంటే ఒక జాతి చేప కాదు. తలతోకలతో సహా పెనంలో పట్టే సైజు చేపలన్నిటికీ ఇక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు అది. టెక్సాస్ చెరువుల్లో ఎక్కువగా తగిలేది బ్లూగిల్. చూడ్డానికి మనవైపు జిలేబీ అని పిలిచే తిలాపియాలా ఉంటుంది, కానీ చుట్టరికం లేదు. ప్రపంచ రికార్డు బ్లూగిల్ 1950లో అలబామాలోని కెటోనా లేక్‌లో పడింది, బరువు 4 పౌండ్ల 12 ఔన్సులు, అంటే రెండు కిలోల పైచిలుకు. మనకి పడేవాటిలో పావు కిలో ఉంటే అది పెద్ద చేప కిందే లెక్క. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కొనేటప్పుడు మనసులో ఉండాల్సింది ఈ పావు కిలో చేపే. షాపులో కనిపించే కయాక్‌లు చాలావరకు పెద్ద బాస్ చేపల కోసం, పోటీలకి వెళ్ళేవాళ్ళ కోసం చేసినవి. 12, 13 అడుగుల పొడుగు, సామాన్లు తగిలించకముందే 80 నుంచి 100 పౌండ్ల బరువు. అరచేయంత చేపకి అంత పడవ అక్కర్లేదు.

అసలు కయాక్ అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. ఇంతవరకు గాలం వేయనివాళ్ళు ముందు గట్టు మీంచి నాలుగు వారాంతాలు వేయండి. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీంచో చెక్కవంతెన మీంచో వేస్తే ఫిషింగ్ లైసెన్స్ కూడా అడగరు, పార్కులోపలికి వెళ్ళే రుసుము కడితే చాలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్ళడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కయాక్ ఎక్కితే మాత్రం, 17 ఏళ్ళు నిండినవాళ్ళకి మామూలుగా లైసెన్స్ ఉండాలి. మామూలు లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది కాబట్టి జులైలో కొని ఏడాదంతా వస్తుందనుకోకండి.

గట్టు మీంచి వేస్తే కుదరనిది ఒక్కటే. చేపలు ఉండేచోటు మనకి కనిపిస్తుంది, గాలం అక్కడిదాకా వెళ్ళదు. నీళ్ళలోకి ఒరిగిన చెట్టు, దాని అవతలి కొమ్మల నీడ, రెల్లు మొలిచిన మూల, ఇలాంటి చోట్లకి చప్పుడు లేకుండా వెళ్ళి పది అడుగుల దూరంలో ఆగాలంటే కయాక్‌ని మించింది లేదు. మోటార్ పడవ ఆ లోతులేని నీళ్ళలోకి రాలేదు కూడా.

ఇక లైఫ్ జాకెట్. టెక్సాస్ చట్టం ప్రకారం కయాక్‌లో ఉన్న ప్రతి మనిషికీ ఒక జాకెట్ ఉండాలి, 13 ఏళ్ళలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్ళు తొడుక్కోవాలని చట్టంలో లేదు కదా అని దాన్ని సీటు వెనక కుక్కి కూర్చునేవాళ్ళని నేను వెళ్ళిన ప్రతిసారీ చూస్తుంటాను, చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది. పడవ తిరగబడ్డాక నీళ్ళలో జాకెట్ తొడుక్కోవడం గజ ఈతగాడికే కష్టం, పైగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడి నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే పడగానే ఊపిరి బిగుసుకుపోతుంది. రెండు రకాలు దొరుకుతాయి. నడుముకి బెల్టులా ఉండి తాడు లాగితే ఉబ్బేది చూడ్డానికి ముచ్చటగా, తేలిగ్గా ఉంటుంది, ఈత రానివాళ్ళకి అది పనికిరాదు. కంగారులో తాడు దొరక్కపోతే దిక్కులేదు. ఫోమ్ నింపిన చొక్కా లాంటిదే కొనండి, అందులోనూ కయాక్ కోసం చేసినది, వీపు దగ్గర ఫోమ్ పైకి ఉండి కింద జాలీ ఉంటుంది, సీటుకి ఆనుకుంటే ఒత్తుకోదు. ఒత్తుకోకపోతేనే ఎవరైనా రోజంతా విప్పకుండా ఉంచుకుంటారు. జేబుకి ఒక విజిల్ కట్టుకోండి, చప్పుడు చేసే వస్తువు ఒకటి ఉండాలన్నది కూడా ఇక్కడి నియమమే.

కొన్నాక అపార్ట్‌మెంట్ ఈతకొలనులో ఒకసారి తొడుక్కుని దిగండి. గడ్డం దాకా పైకి జరిగిపోతే పట్టీలు వదులుగా ఉన్నట్టు, లేదా సైజు తప్పు.

ఇప్పుడు కయాక్‌లు. సిట్-ఇన్‌సైడ్‌లో మనం పడవ కడుపులో కూర్చుంటాం, కాళ్ళు లోపలికి చాపుకుని. ధర తక్కువ, నీళ్ళు మీద పడవు, చలికాలంలో వెచ్చగా ఉంటుంది, తెడ్డు వేస్తే చక్కగా కోసుకుపోతుంది. ఇవన్నీ నిజమే. కానీ అది బోల్తా పడితే నీళ్ళతో నిండిపోతుంది, నిండిన పడవని నడిచెరువులో ఒక్కరే ఖాళీ చేయడం అయ్యే పని కాదు, ఈడ్చుకుంటూ ఒడ్డుకి చేరాల్సిందే. చేపలు పట్టేవాడు ఊరికే ముందుకి చూస్తూ కూర్చోడు. పక్కకి వంగుతాడు, వెనక్కి తిరిగి పెట్టెలోంచి గాలం తీస్తాడు, కొమ్మకి తట్టుకున్న తంగూసు విప్పడానికి చెయ్యి చాపుతాడు. అలా వంగేవాడికి సిట్-ఇన్‌సైడ్ సరిపడదు.

సిట్-ఆన్-టాప్ లోపల బోలు, పైన మూత వేసినట్టు ఉంటుంది. మనం ఆ మూత మీద కూర్చుంటాం. పైన పడ్డ నీళ్ళు దానికున్న రంధ్రాల్లోంచి కిందికి పోతాయి. తిరగబడినా మునగదు, మళ్ళీ తిప్పి ఎక్కొచ్చు. ఎక్కే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి, మే నెలాఖరులో నీళ్ళు వెచ్చబడ్డాక నడుముల్లోతులో పక్కన ఒక మనిషిని పెట్టుకుని కావాలనే పడి లేవండి. పొట్ట అడ్డంగా పడవ మీద పడేలా ఎగరాలి, కాళ్ళు చేపతోకలా తన్నాలి, పొట్ట పడవ మధ్యకి చేరాక వెల్లకిలా తిరిగి కూర్చోవాలి, కాళ్ళు ఆఖరికి లోపలికి. నాకు నాలుగోసారికి వచ్చింది. ఆ రోజు తర్వాత నీళ్ళ మీద నా భుజాలు బిగుసుకోవడం తగ్గింది.

కొనేటప్పుడు సీటు కింద అతికించిన కాగితం మీద ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది, అది మునగకుండా ఉండే బరువు, హాయిగా ఉండే బరువు కాదు. అందులో మూడింట రెండు వంతులు లెక్కేసుకోండి. లైఫ్‌టైమ్ కంపెనీ టమరాక్ ఆంగ్లర్ 100 అని 10 అడుగులది ఒకటుంది, ఇక్కడ కొత్తవాళ్ళు చాలామంది దాంతోనే మొదలుపెడతారు, గాలపుకర్రలు నిలబెట్టడానికి తొట్లు కూడా దానితోనే వస్తాయి. దాని మీద రాసే బరువు 275 పౌండ్లు. అంటే హాయిగా 185 పౌండ్ల దాకా. 75 కిలోల మనిషి 165 పౌండ్లు, మంచుపెట్టె, నీళ్ళ సీసాలు, గాలాలు కలిపి ఇంకో 20. సరిగ్గా సరిపోయింది. 90 కిలోల మనిషైతే అదే పడవలో నీళ్ళు పిరుదుల కిందికి వచ్చి రోజంతా తడిసి కూర్చోవాలి, పక్కలకి ఊగుతుంది కూడా, కాబట్టి 350 పౌండ్లకి తగ్గనిది చూసుకోండి. వెడల్పు 30 అంగుళాల పైన ఉంటే కొత్తవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. వెడల్పు పెరిగితే వేగం తగ్గుతుంది, చిన్న చెరువులో వేగంతో మనకి పనిలేదు.

గాలి నింపేవాటిలో రెండు జాతులున్నాయి, వాటిని ఒకే గాటన కట్టొద్దు. పిల్లల ఆటబొమ్మలా పల్చటి వినైల్‌తో చేసినవి 100 డాలర్ల చుట్టుపక్కల వస్తాయి, బ్లూగిల్ వీపు మీది ముళ్ళు గట్టివి, ఎగిరిపడ్డ చేప అలాంటి పడవ మీద పడితే నాకు నమ్మకం లేదు. డ్రాప్-స్టిచ్ అనే అడుగు ఉన్నవి వేరు. వాటికి గాలి గట్టిగా ఎక్కించాక అడుగు చెక్కలా ఉంటుంది, బయట మందమైన పీవీసీ. ధర 400 పైన. సంచిలో సర్ది కారు డిక్కీలో వేసుకుని వెళ్ళొచ్చు, లిఫ్ట్‌లో తేవొచ్చు. దీంతో రెండు చిక్కులు. గాలికి ఆకులా కొట్టుకుపోతుంది. ఇంటికి తెచ్చాక పూర్తిగా ఆరబెట్టకుండా మడిస్తే వారంలో బూజు వాసన. బాల్కనీలో ఆరబెట్టడానికి అపార్ట్‌మెంట్‌వాళ్ళు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. ఎండలో వదిలేయకండి, లోపలి గాలి వేడెక్కి అతుకులు పిగులుతాయి.

పెడల్ కయాక్ గొప్ప వస్తువే, కాదనను. కాళ్ళతో తొక్కుతుంటే చేతులు రెండూ గాలానికి ఖాళీగా ఉంటాయి, పెద్ద రిజర్వాయర్‌లో మైళ్ళు తిరిగేవాళ్ళకి అది వరం. కానీ పడవ కింద రెక్కలో ఫ్యానో వేలాడుతుంటుంది. బ్లూగిల్ గుడ్లు పెట్టేచోట నీళ్ళు మోకాళ్ళ లోతు నుంచి ఛాతీ లోతు దాకా ఉంటాయి, నాచు, కొమ్మలు, బురద. అక్కడ ఆ యంత్రం పైకి లాగేసి మళ్ళీ తెడ్డే పట్టుకోవాలి. వెయ్యి డాలర్ల పైన పెట్టి చివరికి చేసేది అదే. బ్యాటరీ మోటార్ తగిలిద్దామనుకునేవాళ్ళకి ఇంకో మాట, మోటార్ లేని కయాక్‌కి టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చిన్న కరెంటు మోటార్ పెట్టినా కావాలి.

కొనేముందు ఒకసారి అద్దెకి తీసుకోండి. వైట్ రాక్ లేక్ దగ్గర గంటల లెక్కన ఇస్తారు. గంటసేపు కూర్చుంటే నడుం ఏమంటుందో తెలుస్తుంది, ఆ ఒక్క సంగతి ఏ రివ్యూలోనూ దొరకదు. పాతది కొనేవాళ్ళు అక్టోబర్, నవంబర్ దాకా ఆగండి, వేసవి అయ్యాక గ్యారేజీల్లో చోటు కోసం తక్కువకి ఇచ్చేస్తారు. చూసేటప్పుడు పడవని బోర్లించి, వెనక కొసన అడుగు అరిగి పల్చబడిందేమో బొటనవేలితో నొక్కి చూడండి, సిమెంటు మీద ఈడ్చినవాటికి అక్కడే చిల్లు పడుతుంది. కదిపితే లోపల నీళ్ళ చప్పుడు వస్తే బేరం ఆడకుండా వచ్చేయండి.

ఏ చెరువు అనేది ఏ కయాక్ అన్నంత ముఖ్యం, నా దృష్టిలో ఇంకా ఎక్కువే. నేను రెండోసారి కయాక్ దింపింది లూయిస్‌విల్ లేక్‌లో. పొద్దున్న అద్దంలా ఉంది. దక్షిణం గాలి వెనకనుంచి నెడుతుంటే హాయిగా వెళ్ళిపోయాను, పదకొండింటికి తిరుగుదామంటే అదే గాలి ముఖాన కొడుతోంది, పైన స్పీడ్ బోట్ల అలలు. అర మైలు రావడానికి గంటకి పైనే పట్టింది, ఒడ్డు చేరేసరికి వేళ్ళు మడతపడలేదు. లూయిస్‌విల్, రే రాబర్ట్స్ ఒక్కొక్కటి 29,000 ఎకరాల దరిదాపుల్లో ఉన్న నీళ్ళు. మొదటి సీజన్‌లో వాటి నడిమధ్యకి వెళ్ళొద్దు, వెళ్తే మూలల్లోని చిన్న పాయల్లో ఉండండి. బోనమ్ స్టేట్ పార్క్ లేక్ 65 ఎకరాలు, టైలర్ స్టేట్ పార్క్‌ది 64, క్లీబర్న్ స్టేట్ పార్క్‌లోని సీడర్ లేక్ 116 ఎకరాలు. పర్టిస్ క్రీక్‌ది 355 ఎకరాలే కానీ పడవలు మెల్లగా పోవాలన్న నియమం ఉంది కాబట్టి అలలుండవు. ఇలాంటివే మనకి తగినవి. ఎక్కడైనా సరే, వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, ఒళ్ళు అలిసిపోయాక గాలే ఇంటికి తోస్తుంది. గంటకి పది మైళ్ళు దాటి గాలి ఉంటుందంటే ఆ రోజు గట్టు మీదే. ఉరుము వినిపిస్తే మాట్లాడకుండా ఒడ్డుకి రావాలి.

లంగరు విషయంలో ఒక్క జాగ్రత్త ప్రాణం కాపాడుతుంది. దాన్ని ఎప్పుడూ పడవ ముందు కొసకో వెనక కొసకో కట్టాలి, మధ్యలో పక్కన కట్టకూడదు. పక్కన కడితే గాలి పడవని అడ్డంగా తిప్పి నొక్కుతుంది, ఒక్క అలకే ఒరిగిపోతుంది. మడిచే లంగరు, మూడున్నర పౌండ్లది, చాలు. నేనైతే లోతు తక్కువ చోట్ల లంగరు వేయడమే మానేశాను, కొమ్మని పట్టుకునే పెద్ద క్లిప్పు ఒకటి తాడుకి కట్టుకున్నాను, చప్పుడు లేదు, బురద లేవదు.

గాలపుకర్ర గురించి ఎక్కువ ఆలోచించొద్దు. అయిదున్నర, ఆరు అడుగుల అల్ట్రాలైట్ స్పిన్నింగ్ రాడ్ (రీలున్న, బాగా తేలికైన కర్ర), 4 పౌండ్ల బరువు ఆగే తంగూసు. రీలు లేని పొడుగు కర్ర కూడా బాగా పనిచేస్తుంది, చిన్నప్పుడు వెదురుకర్రతో పట్టినవాళ్ళకి చెయ్యి అలవాటు ఉంటుంది, కానీ కయాక్‌లో కూర్చుని పొడుగు కర్రతో చేపని చేతికి తెచ్చుకోవడం మొదట్లో తికమకగా ఉంటుంది. గాలం ముల్లు 8 లేదా 10 నంబరు, కాడ పొడుగున్నది. బ్లూగిల్ నోరు చిన్నది, కాడ పొడుగుంటేనే ముల్లు బయటికి తీయడం సులువు.

ఎరల్లో వానపాముకి, జిగ్‌కి (తలకి సీసం పోసిన ముల్లు) మధ్య ఏది అని అడిగితే మొదటి రోజుకి వానపామే. వాల్‌మార్ట్‌లో అమ్మే నైట్‌క్రాలర్లు లావు, మొత్తం గుచ్చితే చేపలు తోక కొరుక్కుని పోతాయి. గోరంత ముక్క తుంచి ముల్లు కొన మాత్రమే దాగేలా గుచ్చండి. బెండు రెండు మూడు అడుగుల పైన పెట్టండి, చిన్న బెండు, పెసరగింజంత సీసం. బ్లూగిల్ పట్టినప్పుడు బెండు గభాలున మునగదు. ముందు వణుకుతుంది, చుట్టూ సన్నటి వలయాలు లేస్తాయి, తర్వాత పక్కకి జారుతూ ఏటవాలుగా లోపలికి పోతుంది. అలా జారడం మొదలైనప్పుడు మణికట్టుతో చిన్నగా ఎత్తితే చాలు. చేప పళ్ళెంలా పక్కకి తిరిగి నీళ్ళని అడ్డం పెట్టుకుని గుండ్రంగా లాగుతుంది, ఆ సన్నటి కర్ర పిడి దాకా వంగిపోతుంది. దగ్గరికొచ్చాక చూడండి, రొమ్ము ముదురు నారింజ, చెంప దగ్గర నీలి గీత, దాని వెనక నల్లటి మచ్చ. పట్టుకునేటప్పుడు చెయ్యి తల దగ్గర మొదలుపెట్టి తోక వైపు నిమరండి, వీపు ముళ్ళు పడుకుంటాయి. తోక వైపునుంచి పడితే అరచేతిలో దిగుతాయి.

క్రాపీ కావాలంటే జిగ్ మేలు, 32వ వంతు ఔన్సుది, దానికి గట్టిగా లాగకూడదు, పెదవి కాగితంలా చిరుగుతుంది. క్రాపీ కాలం ముందొస్తుంది, మార్చి, ఏప్రిల్. బ్లూగిల్‌కి మే నుంచి మొదలు. ఇసుక నేల మీద పళ్ళేలంత గుంటలు తేనెపట్టులా పక్కపక్కనే కనిపిస్తే అవే వాటి గూళ్ళు, మగచేప కాపలా ఉంటుంది. అక్కడ ఎన్నయినా పడతాయి. టెక్సాస్‌లో బ్లూగిల్‌కి సంఖ్య హద్దు లేదు, సైజు హద్దు లేదు, క్రాపీకి మామూలుగా రోజుకి 25, పొడుగు కనీసం 10 అంగుళాలు. హద్దు లేదు కదా అని గూడు కాసే పెద్ద మగచేపలన్నిటినీ తీసుకొచ్చేయొద్దు, కొన్నేళ్ళకి ఆ చెరువులో చిన్నవే మిగులుతాయి. ఇంటికి సరిపడా ఎనిమిదో పదో ఉంచుకుని పెద్దవాటిని వదిలేయండి. ఉంచుకున్నవాటిని తాడుకి గుచ్చి నీళ్ళలో వేలాడదీస్తే తాబేళ్ళు తినేస్తాయి, మంచుపెట్టెలో వేసుకోండి. తినేముందు ఆ నీళ్ళ మీద రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక ఏమైనా ఉందేమో చూడండి.

బయల్దేరేముందు కయాక్‌లోని నీళ్ళన్నీ రాంప్ (పడవలు దింపే వాలు) దగ్గరే పారబోయాలి, అడుగున బిరడా ఉంటే తీసి. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న గుల్లలు ఒక చెరువునుంచి ఇంకోదానికి పాకకుండా 2014 నుంచి రాష్ట్రమంతా ఈ నియమం ఉంది, కయాక్‌లకి కూడా.

ఇంట్లో చిన్నపిల్లలుంటే క్రాపీ ఉంచుకోండి, రెండు పక్కలా కండ కోసి తీస్తే ముల్లు ఉండదు. పెద్దవాళ్ళకి బ్లూగిల్. పొలుసులు తీసి, పొట్ట శుభ్రం చేసి, కళ్ళుప్పుతో రుద్ది రెండుసార్లు కడిగి, రెండు పక్కలా మూడేసి గాట్లు పెట్టండి, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ఆ గాట్లలోకి వెళ్ళేలా పట్టించి అరగంట ఆగండి. ఇనప పెనం బాగా కాగాకే వేయాలి, లేదంటే తోలు అంటుకుపోతుంది. తోక కరకరలాడేలా వేగితే ముందు దాన్నే తింటారు.